గొర్రెల ముందు నడిచిన బండి

కొండలెక్కే ఆ పెద్ద బండిని ఇక తయారు చేయబోమని కంపెనీ చెప్పిన రోజు నేను నవ్వాను. నవ్వక ఏం చేయను? ఫోనులో ఒక వీడియో వచ్చింది. హైదరాబాదులో కొందరు పెద్దమనుషులు తమ బండ్లను వరుసగా నిలబెట్టి, వాటి మీద పూలదండలు వేసి, మౌనంగా నిలుచున్నారు. ఒకాయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు కూడా. ఆయన బండి తన జన్మలో ఎక్కిన అతి పెద్ద కొండ ఫంక్షన్ హాలు ముందరి స్పీడ్ బ్రేకరే అయి ఉంటుంది.

మంచంలో కూర్చుని మోకాళ్లకు ఆముదం రాసుకుంటున్న మా బాపు, ఎవరు పోయిండ్రురా అని అడిగాడు. మనుషులెవరూ పోలేదు, మన బండినే కంపెనీ బంద్ పెట్టిందట అన్నాను. ఆయన చేయి మోకాలి మీదే ఆగిపోయింది.

"మరి సామాన్లు?" అన్నాడు.

విడిభాగాల సంగతి అడుగుతున్నాడు. హైదరాబాదు పెద్దమనుషులకు తట్టని ప్రశ్న. నేను నవ్వడం మానేశాను.

మాది గొర్రెలు కాసే ఇల్లు. ఊరు జడ్చర్లకు ఇవతల. చలి తగ్గి మేత ఎండిపోగానే మంద కల్వకుర్తి, దేవరకొండ మీదుగా నందికొండ చుట్టుపక్కల గుట్టలకు నడుస్తుంది. అక్కడ కృష్ణ నీళ్లుంటాయి, నీళ్ల పక్కన ఎంతో కొంత పచ్చిక ఉంటుంది. తొలి వానలు పడ్డాక తిరిగి వస్తుంది. బాపు చిన్నప్పటి నుంచీ ఆ దారి నడిచినవాడే. ఆ నడకకే మోకాళ్లు అరిగిపోయాయి. దవాఖానలో డాక్టరు, నడక మానెయ్, గొర్రెలు మానెయ్ అని చెప్పాడు. బాపు సగం మాటే విన్నాడు. నడక మానేశాడు. ఆ నడకేదో ఆయన బదులు ఆ బండి చేసింది.

అది మా ఇంటికి వచ్చిన తీరు చెప్పుకోదగ్గదేం కాదు. తెలంగాణ వచ్చాక మా దిక్కు భూములకు రెక్కలొచ్చాయన్నారు. రెక్కలొచ్చినవి ఎగిరిపోతాయి కదా, మేం మేపుకునే బీళ్లన్నీ ఎగిరిపోయాయి. పొద్దున్నే అదే కంపెనీ బండి తెల్లది ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చేది. నల్లద్దాల మనుషులు దిగి, చేతులూపి, రాళ్లు పాతించి పోయేవాళ్లు. మరుసటి వారానికి అక్కడ ఒక కమాను లేచేది. నాలుగు పక్కలా వెంచర్లు, నడుమ మా మెట్ట చెలక. చుట్టూ గోడలు లేచి బాట కూడా లేకుండా పోయాక, బాపు దాన్ని అమ్మక తప్పలేదు. కొన్నాయన కొంత పైకం, పైన తన పాత బండి ఇచ్చాడు. "భూమినిచ్చి ఇనుము తెచ్చుకున్నడు నా కొడుకు" అని మా అవ్వ బతికున్నన్నాళ్లూ వాకిట్లోకి వచ్చినవాళ్లందరికీ మంచినీళ్ల కంటే ముందు ఆ మాటే ఇచ్చేది.

అందుకే ఆ బండి బంద్ అయిందంటే ముందు పండగ చేసుకోవాల్సింది మేమే. మా గడ్డి పోయింది ఆ బండ్లెక్కి వచ్చినవాళ్ల చేతుల్లోనే. కాకపోతే, మళ్లీ గడ్డి దాకా బాపును మోసింది కూడా అదే బండి. ఇలాంటప్పుడు తిట్టాలా, ఏడవాలా అన్నది ఎవరూ నేర్పలేదు.

వలస దారిలో గొర్రెలు ఈనుతాయి. అప్పుడే పుట్టిన పిల్లలు అంత దూరం నడవలేవు. పూర్వం గొంగడి మడతలో వేసుకుని మోసేవాళ్లు. బాపు బండి వెనక సీట్లు పీకించి, వరిగడ్డి పరిచి, పిల్లల్ని అందులో వేశాడు. తల్లులు వెనక తలుపు వాసన చూస్తూ నడిచాయి. తల్లుల వెనక మిగతావి నడిచాయి, గొర్రెలంటేనే అంత. రెండు మూడు వలసలయ్యేసరికి లోపల పిల్లలున్నాయా లేవా అన్నది కూడా వాటికి అవసరం లేకపోయింది. బండిలో పెరిగినవి పెద్దవై, ఆ ఇంజను చప్పుడునే తల్లి గొంతు అనుకున్నాయి. స్టార్టు చేస్తే లేస్తాయి, హారన్ కొడితే దగ్గరికొస్తాయి, కదిలితే కదులుతాయి. వాగులు దాటి కొండలెక్కుతుందని ప్రకటనల్లో చూపించిన బండి మా ఇంట్లో మొదటి గేరు దాటింది తక్కువ. ముందు బాపు బండి, వెనక మంద, మంద వెనక కర్రతో మా చిన్నాయిన. సెలవుల్లో నేను ముందు సీట్లో, ఒళ్లో ఒక గొర్రెపిల్ల, ప్యాంటు మీద దాని ప్రసాదం.

ఒకసారి కల్వకుర్తి దాటాక ఓ బస్సు డ్రైవరు ఓపిక నశించి దిగి వచ్చాడు. "గింత పెద్ద బండి పెట్టుకొని గిట్ల పాకుతవేందే?" అన్నాడు. బాపు కిటికీలోంచి వెనక్కి చూపించి, "ఇంటోళ్లంత నడిచి వస్తున్నరు. నేను ఉరికితె ఎట్ల?" అన్నాడు. డ్రైవరు ఆ ఇంటోళ్లను కాసేపు చూసి, వెళ్లి బస్సులో కూర్చున్నాడు.

నందికొండ దగ్గర తారు అయిపోయి రాళ్ల గుట్ట మొదలయ్యే చోట మాత్రం బండి తన కులగుణం చూపించేది. నాలుగు చక్రాలూ పట్టి లాగితే, ఎడ్లు పోలేని చోటికి బాపును కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే తీసుకుపోయి మంద నడుమ దించేది.

పోయిన వానల్లో ఆ గుట్ట దిగుతుంటే కింద ఏదో విరిగిన చప్పుడైంది. అప్పటి నుంచి ముందు చక్రాలు లాగడం మానేశాయి. చదును మీద బాగానే నడుస్తుంది, గుట్ట మాత్రం ఎక్కదు. మా మోకాళ్లాయనకు తగ్గ బండే అన్నాను. జడ్చర్లలో మెకానిక్ కిందికి దూరి, బయటికి వచ్చి, ఆ సామాను కంపెనీ నుంచే రావాలి, ఇప్పుడు కంపెనీయే చేస్తలేదు అన్నాడు. తెలిసిన చోటల్లా ఫోన్లు చేశాడు. ఎక్కడా లేదు. చిన్నాయిన ఒక చిన్న ట్రాలీ బండిని కిరాయికి తెచ్చి మంద ముందు నడిపి చూశాడు. గొర్రెలు దాన్ని ఎన్నికలప్పుడు ఊళ్లోకి వచ్చిన కొత్త అభ్యర్థిని చూసినట్టు చూసి, నెమరు వేసుకున్నాయి. అవి కదిలినా లాభం లేదు. ఆ ట్రాలీ కూడా గుట్ట ఎక్కేది కాదు.

అప్పుడు వచ్చాడు హైదరాబాదు నుంచి ఒకతను. అతనికీ అలాంటి బండే ఉందట. మాది కొని, విప్పి, అందులోవి తన దానికి వేసుకుంటాడట. అవయవదానం అన్నమాట. బాపు బేరం దగ్గర పెద్దగా మాట్లాడలేదు. నీ బండి గుట్టలెక్కుతదా అని మాత్రం అడిగాడు. ఆదివారాలు బయటికి తీస్తానని అతను చెప్పాడు. బాపు సరే అన్నట్టు తలూపాడు.

తీసుకుపోయే రోజు పొద్దున బాపు తనే బండిని స్టార్టు చేసి, కాసేపు కాగనిచ్చి, దిగి అతన్ని తన సీట్లో కూర్చోబెట్టాడు. ఇన్నేళ్లుగా మా ఇంట్లో ఒక పద్ధతుంది. ఇంజను చప్పుడు వినగానే చిన్నాయిన దొడ్డికి అడ్డం పెట్టిన ముళ్లకంప లాగేస్తాడు. ఆ రోజూ విన్నాడు, లాగేశాడు. చెయ్యి చేసిన పని తలకు తెలిసేసరికి మంద మొత్తం వాకిట్లో ఉంది.

బండి కదిలింది. మంద కదిలింది. కొన్నతను అద్దంలో చూసి కంగారుపడి, గొర్రెలు తప్పుకోవాలని హారన్ కొట్టాడు. వెనకబడినవి కూడా ఉరికి వచ్చాయి. వాటికి దెబ్బ తగులుతుందని పాపం ఇంకా మెల్లగా నడిపాడు. అవి చక్కగా వరుస కట్టాయి. నవ్వొచ్చే దృశ్యమే. నేను నవ్వుతూనే ఉన్నాను, బాపు కుంటుకుంటూ బండి వెంట పోవడం చూసేదాకా. తారు రోడ్డు ఎక్కే ముందు అందుకుని కిటికీ పట్టుకున్నాడు.

"హారన్ కొట్టకు బిడ్డా. మెల్లగ పోతె అవి నీ ఎనుక పట్నం దాక నడుస్తయి. జోరుగ పో."

అతను, గొర్రెలకేమైనా అవుతుందేమో అని నసిగాడు.

"ముందట ఏం లెవ్వు. అన్ని ఎనుకనే ఉన్నయి. పో."

అతను పోయాడు. ఆ బండి అంత జోరుగా పోగలదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గొర్రెలు రోడ్డు మీద కొంత దూరం ఉరికాయి, చప్పుడు వినిపించినంత దూరం. తర్వాత నిలబడి అరిచాయి. బాపు నాలుక మడిచి వాటిని పిలిచాడు. బండి వచ్చాక ఆ పిలుపు నేనెప్పుడూ వినలేదు. గొర్రెలూ వినలేదు. ఒకటి రెండు తల తిప్పి చూసి, మళ్లీ రోడ్డు వైపే తిరిగాయి. చివరికి చిన్నాయిన అదిలిస్తే మళ్లాయి. వాటికి తెలిసిన మనిషి గొంతు ఆయనదే మరి.

బాపు రోడ్డు మీదే నిలబడ్డాడు. గిట్లనే నిలబడితే నీ చుట్టు రాళ్లు పాతి ప్లాటు చేస్తరు, నడువు అన్నాను. ఆయన నవ్వాడు. నా మాటకు నవ్వకుండా ఉంటే బాగుండేది.

ఈసారి మంద చిన్నాయినతో పోయింది. నేను బాపును బస్సులో నందికొండ తీసుకుపోయాను. గుట్ట ఎలాగూ ఎక్కలేడు, గొర్రెలు నీళ్లకు దిగే చోట ఒడ్డున కూర్చోబెట్టాను. మిట్టమధ్యాహ్నం అవి దిగాయి. బాపు లేచి వాటి నడుమకు పోయి, వీపులు నిమిరాడు, కాలిగిట్టలు ఎత్తి చూశాడు, ఒకదాని చెవిలోంచి గోమారిని తీసి నలిపేశాడు. అవి నీళ్లు తాగాయి. చిన్నాయిన పిలిచాడు, ఎక్కిపోయాయి.

తిరుగు బస్సులో, వచ్చే నెల మళ్లీ వద్దామా అని అడిగాను.

"ఎందుకురా? నేను లేకున్న మంచిగనే ఉన్నయి గద" అన్నాడు.

బాధగా ఏమీ అనలేదు, మంచి కబురు చెప్పినట్టే చెప్పాడు. కిటికీ పక్కన కూర్చుని బయటికే చూస్తున్నాడు. ఆ దారిలో ఎవరి చేన్లలో మంద పెట్టామో, ఏ బావి దగ్గర నీళ్లు తాపామో ఆయనకు తెలుసు. చూపిద్దామని చెయ్యి ఎత్తేసరికి ఆ చేను వెనక్కి పోయేది. రెండు మూడుసార్లు ఎత్తి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపటికి, దేవరకొండ ఇంకెంత దూరం అని అడిగాడు.

"అది పొయ్యింది బాపూ" అన్నాను.