మేకుకు తగిలించిన ఒంటి చెప్పు

నా పెళ్ళయిన కొత్తలో మా అమ్మ మొదటిసారి ఖరగ్‌పూర్ వచ్చింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా అత్తగారి రైల్వే క్వార్టర్ వరండా ఎక్కుతూనే ఎదురుగా గోడకు వేలాడుతున్న ఒంటి చెప్పుల్ని చూసి ఎంతో సంతోషపడింది. దిష్టికి కట్టారనుకుంది. "ఇంత దిష్టి తగిలే సంసారమంటే మాటలా, మంచి ఇంట్లో పడ్డావు" అని నా చెవిలో ఊదింది. ఆవిడ సంతోషం చెడగొట్టడం ఎందుకని నేనూ అవుననేశాను.

అవి దిష్టి చెప్పులు కావు. మా మామగారు రైల్వే వర్క్‌షాపులో టూల్ రూమ్ మనిషి. అక్కడ ఎవరికి పానా కావాలన్నా ముందు తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇవ్వాలి. పానా తీసిన మేకుకు ఆ బిళ్ళ తగిలిస్తారు. పానా తిరిగొస్తేనే బిళ్ళ తిరిగెళ్తుంది. ఆయన ఏటా బోనస్ రాగానే మా అత్తగారికి ఒక చీర, ఇంటికి ఒక పనిముట్టు కొనేవారట. ఆయన పోయేనాటికి చీరలన్నీ చిరిగిపోయాయి, పనిముట్లన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఈ సంగతి మా అత్తగారు కాస్త నిష్ఠూరంగానే చెప్పేది. సుత్తులు, రంపం, స్క్రూడ్రైవర్, ఉలులు, ఆకురాళ్ళు, చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా పానాలు, పైపులు తిప్పే రెంచి, చేత్తో తిప్పే డ్రిల్లు. పెద్ద ప్లైవుడ్ పలకకు మేకులు కొట్టి వాటిని తగిలించి, ఒక్కోదాని చుట్టూ తెల్లరంగుతో దాని ఆకారం గీసి పెట్టారాయన. వస్తువు లేకపోతే దాని తెల్లటి బొమ్మ కనిపిస్తూ ఉండేది.

మా లైనులో ఎవరి ఇంట్లో కుళాయి కారినా, మంచం కోడు ఊగినా మా వరండాకే వచ్చేవాళ్ళు. మొదట్లో అత్తగారు మాట మీదే ఇచ్చింది. సుత్తి ఒకటి పోయింది. తర్వాత గిన్నె తాకట్టు పెట్టుకుని ఇచ్చింది. గిన్నె మిగిలింది, రంపం పోయింది. ఆ సుత్తి, రంపం స్థానంలో కొత్తవి కొన్నాక, ఇత్తడి బిళ్ళకు మారుగా ఏది పెట్టుకోవాలో బాగా ఆలోచించింది.

"మాటిచ్చినోడు మాట మర్సిపోతాడు. గిన్నె ఇచ్చినోడు ఇంకో గిన్నె కొనుక్కుంటాడు. ఒంటి సెప్పుతో మాత్రం ఎవుడూ గోల్ బజార్ ఎల్లడు," అని తేల్చింది.

అప్పటి నుంచీ అదే చట్టం. చెప్పు విప్పి మేకుకు తగిలించాలి, పనిముట్టు పట్టుకెళ్ళాలి. మా లైనులో మగవాడెవడైనా ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తిగా నడుస్తుంటే కాలికేమైందని ఎవరూ అడిగేవాళ్ళు కారు. "ఏటి రిపేరు?" అని అడిగేవాళ్ళు. పనిముట్లను పూజించే విశ్వకర్మ పూజ ముందురోజు మాత్రం ఆవిడ లైను పొడుగునా తిరిగి అందరి దగ్గరా పనిముట్లు వసూలు చేసేది. ఎవరైనా రేపిస్తానంటే, "రేపు పూజలో నీ సెప్పుకి బొట్టెట్టమంటావేటి?" అనేది. దాంతో వాళ్ళు లోపలికెళ్ళి పనిముట్టు తెచ్చిచ్చేవాళ్ళు.

ఈ చట్టాన్ని ఓడించిన మొనగాడు ఒక్కడే. పార్సెల్ ఆఫీసులో పనిచేసే ఒకాయన, అత్తగారు పార్సెల్ బాబు అనేది, సంచిలో ఒక పాత చెప్పు తెచ్చి తగిలించి, కాళ్ళకు మంచి జత వేసుకుని రెంచి పట్టుకుపోయాడు. ఆ తర్వాత బదిలీ అయి, రెంచితో సహా వెళ్ళిపోయాడు. తెగిన చెప్పు మేకుకు ఉండిపోయింది. దాన్ని పారెయ్యమని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ వినలేదు, లెక్క తేలలేదంది. కాలి నుంచి విప్పిన చెప్పే పెట్టాలి, అదీ తన కళ్ళ ముందు విప్పాలి అనే సవరణ అప్పుడే వచ్చింది.

అసలు ఆవిడకు అందరి మీదా అనుమానమే. పాలవాడు నీళ్ళు కలిపాడని, కూరలబ్బి తక్కెడ నొక్కాడని, నేను పప్పులో ఉప్పు కావాలనే మరిచానని. కాపురానికొచ్చిన వారానికే కుక్కర్ పిడి వదులైతే స్క్రూడ్రైవర్ అడిగాను. ఆవిడ నా మొహం వంక కాదు, కాళ్ళ వంక చూసింది.

"సెప్పు ఎట్టు."

"నేను ఇంటి మనిషిని కదా అత్తా."

"ఇంటి మనుసులే మరీ తేరు. బయటోల్లకి సిగ్గయినా ఉంటాది."

ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు. కొత్త కోడలి చేత చెప్పు తాకట్టు పెట్టించుకున్న అత్తగారి గురించి మా వైపు చెప్పుకుంటే పరువు ఎక్కడుంటుంది? చెప్పు పెట్టలేదు, స్క్రూడ్రైవరూ తీసుకోలేదు. మర్నాడే బజారులో నా సొంతానికి ఒకటి కొనుక్కుని బొంబాయి రవ్వ డబ్బాలో దాచాను. ఇంటి నిండా పనిముట్లున్న కొంపలో దొంగతనంగా స్క్రూడ్రైవర్ వాడుకుని సంసారం చేసిన దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా అమ్మకు మాత్రం దిష్టి చెప్పుల మాటే ఖాయం చేశాను.

ఈమధ్య మా వరస క్వార్టర్లు బాగా పాతబడ్డాయని ఖాళీ చెయ్యమన్నారు. ఊళ్ళోనే ఖరిదాలో ఒక కొత్త బిల్డింగ్ మూడో అంతస్తులో అద్దెకు దిగాం. ఇంటి ఓనరు దాదా తాళాలిస్తూ గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదన్నాడు. ఊళ్ళో ఉన్న మేకులన్నీ, వాటిని కొట్టే సుత్తులన్నీ మా ఇంట్లోనే ఉన్నాయని ఆయనకు తెలియదు. పలకను ఒక ట్రంకు పెట్టె మీద నిలబెట్టి గోడకు ఆనించాం. సామాన్లు మార్చడంలో నా రవ్వ డబ్బా, అందులో స్క్రూడ్రైవర్, ఇంకా నావి బోలెడు వస్తువులు పోయాయి. అత్తగారివి ఒక్క స్క్రూ కూడా పోలేదు. పార్సెల్ బాబు చెప్పు కూడా వచ్చి, రెంచి బొమ్మ మీద మళ్ళీ వేలాడింది.

కొత్త ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ తలుపులన్నీ మూసే ఉంటాయి. కుళాయి కారితే ఫోను కొడతారు, ఎవడో సంచి వేసుకుని వస్తాడు. మా ఆయన కూడా అంతే. కర్టెన్ రాడ్డుకు ఓనరు దాదా పెద్ద మనసు చేసుకుని రెండు కన్నాలు అనుమతిస్తే, కింద షాపులో కరెంటు డ్రిల్లు అద్దెకు తెచ్చారు. షాపువాడు ఆధార్ జిరాక్సు పెట్టుకుని ఇచ్చాడట. అత్తగారు ఆ మాట విని, "కాయితం లేపోతే మనిసి నడవలేడా ఏటి? మరెందుకు తిరిగిస్తాడు?" అంది.

"అమ్మా, నీ డ్రిల్లు తిప్పితే ఒక కన్నానికి సాయంత్రమవుతుంది," అన్నారు ఈయన.

"ఠీక్ హై," అంది ఆవిడ.

ఆ ఠీక్ హై విని నాకు భయమేసింది. ఆవిడ ఎవరితోనూ అంత తేలిగ్గా ఒప్పుకోగా నేను చూడలేదు. ఆ తర్వాత వరసగా అన్నీ ఒప్పుకుంది. పాలు పల్చగా ఉన్నా బాగున్నాయంది. కూరలవాడు చెప్పిన తూకమే తూకం. నేను నిజంగానే పప్పులో ఉప్పు మరిచిపోతే మాట్లాడకుండా తిని లేచింది. పొద్దస్తమానం పలక ముందు కుర్చీ వేసుకుని కూచునేది. ఒక్కో పనిముట్టుకూ నూనె రాసి మళ్ళీ అదే మేకుకు తగిలించేది. రెంచి తప్ప ఏదీ బయట లేదు, అన్నీ వాటి బొమ్మల్లో బుద్ధిగా ఇమిడి ఉన్నాయి. అంత చక్కగా సర్దిన గోడను నేనెక్కడా చూడలేదు, అంత దిగులుగానూ చూడలేదు. తిండి తగ్గింది. గుమ్మం దాకా కూడా వచ్చేది కాదు. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, వయసుకు ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉందన్నాడు. పాలవాణ్ణి నమ్మేస్తోందండీ అని ఏ డాక్టరుతో చెప్పగలం? నేను మాత్రం ఆవిడ ఇక ఎంతోకాలం ఉండదేమోనని లోలోపల బెంగ పెట్టుకున్నాను.

చివరికి నేనే ఒక నాటకం ఆడించాను. ఎదురు ఫ్లాటు దీదీని బతిమాలి సుత్తి అడగడానికి పంపాను. ఆవిడ పాపం నవ్వుతూ వచ్చి, "మాసీమా, మీ సుత్తి ఇస్తారా?" అని హిందీలో అడిగింది. చెప్పు విప్పాలని కూడా నేను ముందే నేర్పి పంపాను. ఆవిడ విప్పబోతుంటే, "వద్దులేమ్మా," అని అత్తగారు సుత్తి తీసి చేతికిచ్చేసింది. దీదీ దాంతో ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో కాసేపు ఉంచుకుని, నాలుగు సందేశ్ మిఠాయిలతో కలిపి తిరిగిచ్చింది.

"ఎవులో పంపితే వచ్చింది," అంది అత్తగారు నా వైపు చూడకుండా. సందేశ్ ముట్టుకోలేదు. ఇక నా తెలివితేటలు కట్టిపెట్టాను.

తర్వాత జరిగిన దాంట్లో నా తెలివేమీ లేదు. ఒక పొద్దున్న మా ఆయనకు ఆఫీసు టైమవుతోంది, పప్పు ఉడికిందని కుక్కర్ దింపబోతే పిడి ఊడి చేతికొచ్చింది. మూతలోంచి పప్పునీళ్ళు చింది చెయ్యి చురుక్కుమంది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అరిచి కుక్కర్‌ను మళ్ళీ స్టవ్ మీదే ఒగ్గేసి, విసవిసా ముందు గదిలోకి వెళ్ళాను. కుర్చీలో ఉన్న ఆవిడను అడగనైనా అడక్కుండా పలక మీంచి స్క్రూడ్రైవర్ లాగాను. లాగి, ఏ దయ్యం పూనిందో, కాలి చెప్పు తీసి ఆ మేకుకు ధడాలున తగిలించాను. ఇన్నేళ్ళలో నేను అక్కడ చెప్పు పెట్టడం అదే మొదలు. వంటింటి వైపు నడిచాను.

"ఆగు."

తిరిగి చూస్తే ఆవిడ కుర్చీలోంచి లేచి, నా చెప్పు చేతిలోకి తీసుకుని, తిరగేసి మడమ దగ్గర అరుగుదల చూస్తోంది.

"ఇది పాతది. ఇంట్లో తిరిగీది. పార్సెల్ బాబు లాగ పాతది తగిలించేసి నా స్క్రూడ్రైవరు అట్టుకుపోదామనేటి? బజారుకి ఏసుకెల్లీది అట్రా."

"అత్తా, పప్పు స్టవ్ మీదుంది."

"పప్పెక్కడికీ పోదు. స్క్రూడ్రైవరు పోతాది."

కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఈ మాటకు ఏడ్చాను. ఇప్పుడూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ఆ ఏడుపు వేరు. ప్రాణం లేచొచ్చినట్టయింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి, మొన్న పండక్కి కొన్న చెప్పు ఒకటి తెచ్చి చేతికిచ్చాను. ఆవిడ దాన్నీ తిరగేసి చూసింది, వేలితో అడుగు నొక్కి చూసింది, మేకుకు తగిలించింది.

"నీకు ఇంకో జత లేదు గదా?"

లేదన్నాను. నమ్మలేదు. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, గుమ్మం దాకా నడిచి వెళ్ళి, చెప్పుల స్టాండు తనే చూసుకుంది.