గుంటూరంటే గోలు

మిరపకాయలకీ ఫుట్‌బాల్‌కీ ఒకే నేల కావలసి వచ్చిన రోజులవి. చిలకలూరిపేటకు కాస్త ఎగువన ఉన్న మా ఊరి మిషన్ హైస్కూలుకు విశాలమైన గ్రౌండు ఉండేది. నల్లరేగడి నేల. వానాకాలం కాళ్ళకు అంటుకుని వదిలేది కాదు, ఎండాకాలం బీటలు తీసి బంతిని దాని ఇష్టం వచ్చిన వైపు పంపేది. కోతలు మొదలవగానే రైతులు గ్రౌండులో ఒక మూల మిరపకాయలు ఆరబోసుకునేవారు. ఎనభైల మొదట్లో మిరపకు మంచి ధర పలకడంతో ఆ మూల జరిగి జరిగి పెనాల్టీ గీత దాకా వచ్చింది. బంతి వెళ్ళి ఆ ఎర్రటి కుప్పల్లో పడితే, తేవడానికి పోయినవాడు తుమ్ముకుంటూ వచ్చేవాడు, వాడి వెనకే రైతు తిట్టుకుంటూ వచ్చేవాడు. అందువల్ల మా టీములో ఎవడికీ బంతిని పైకి లేపి కొట్టే అలవాటు లేదు. నేలబారుగా, దగ్గర దగ్గరగా, ఒకరికొకరు అందించుకుంటూ ఆడేవాళ్ళం. (అది చాలా గొప్ప పద్ధతని తరవాత ఒకాయన మెచ్చుకున్నాడు గానీ, మాకు తెలిసినంతవరకు అది భయం.)

ఆ ఏడు స్కూలు కమిటీ పెద్దలు, వాళ్ళలో సగానికి సగం మిరప రైతులే, గ్రౌండు మొత్తం కళ్ళానికి ఇచ్చెయ్యమని హెడ్మాస్టరు గారి మీద పడ్డారు. హెడ్మాస్టరు గారు లెక్కల మనిషి. డ్రిల్లు మేస్టారిని పిలిచి, "మీ ఫుట్‌బాల్ వల్ల ఇన్నేళ్ళలో స్కూలుకు ఏం వచ్చిందో చెప్పండి" అని అడిగారు. డ్రిల్లు మేస్టారు మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. ఈల ఊదడమే గానీ నోరు విప్పి మాట్లాడటం తక్కువ. "చూద్దామండి" అని మాత్రం అన్నారు. ఆయనతో ట్రైనింగు చేసిన స్నేహితుడొకాయన కోయంబత్తూరులో ఒక స్కూల్లో ఉండేవాడు. అక్కడ మూడు స్కూళ్ళు ఏటా ఆడుకునే పోటీలోకి నాలుగో టీముగా మమ్మల్ని పిలిపించారు. వెళ్ళే ముందు ప్రేయర్ దగ్గర హెడ్మాస్టరు గారు మాకు చెప్పిన మాట ఒక్కటే: "రాష్ట్రం దాటి పోతున్నారు. ఏదో ఒకటి చేసుకుని రండి, గ్రౌండు సంగతి ఆలోచిద్దాం. ఉత్త చేతులతో వస్తే కమిటీకి నేను అడ్డు చెప్పలేను."

టీములో నా స్థానం ఎడమ చివర. నేను పాస్టరు గారబ్బాయిని; పరిగెత్తడంలో కూడా ఆ మర్యాద కనబడేదని మావాళ్ళు అనేవాళ్ళు. కెప్టెన్‌ని జిన్నుగాడు అనేవాళ్ళం, వాళ్ళ నాన్న పేటలో జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు గనక. వాడు ఆడితే టీము ఆడినట్టు. ఇంకొకడు ఆర్టీసీ కండక్టరు గారబ్బాయి, వాణ్ణి రైట్‌రైట్ అని పిలిచేవాళ్ళం. బయల్దేరే ముందు మా నాన్న మమ్మల్నందరినీ చర్చి మెట్ల మీద నిలబెట్టి ప్రార్థన చేశారు. అందులో గెలుపు ఊసు ఎక్కడా లేదు. పిల్లల కాళ్ళూ చేతులూ ఎట్లా పంపుతున్నామో అట్లాగే తిరిగి చేర్చమని మాత్రం వేడుకున్నారు. "ఒరేయ్, మీ నాన్న మన ఆట చూశాడురా" అన్నాడు జిన్నుగాడు నా చెవిలో.

చీరాలలో రైలెక్కాం. అమ్మలు కట్టిచ్చిన గోంగూర పచ్చడి గూడూరు దాటకముందే అయిపోయింది. మద్రాసులో రైలు మారి కోయంబత్తూరు చేరేసరికి మాకు కాస్త చలి, కాస్త ఆకలి, బోలెడంత ధైర్యం ఉన్నాయి. గ్రౌండు చూశాక మూడోది పోయింది. గ్రౌండంతా పచ్చగడ్డి. గడ్డి మీద ఫుట్‌బాల్ ఆడతారని మాకెవరూ చెప్పలేదు. మా ఊళ్ళో గడ్డి ఉంటే గేదె వచ్చి ఉండేది. మొదటి ఆటలో ఆ గడ్డి మీద బంతి మేం అనుకోని చోట ఆగిపోయేది, మేం ఆగాలనుకున్న చోట ఆగలేక జారిపోయేవాళ్ళం. ఎన్ని గోళ్ళు పడ్డాయో చెప్పడం మా గోలీ మనసు కష్టపెట్టడమే అవుతుంది. ఆట అయ్యాక డ్రిల్లు మేస్టారు మా ముందుకు వచ్చి, "గడ్డి అలవాటవుతుంది" అని వెళ్ళిపోయారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

రెండో ఆటకు గడ్డి నిజంగానే అలవాటైంది. పైగా జిన్నుగాడికి ఒక సంగతి తట్టింది. "ఇక్కడందరూ అరవవాళ్ళు. మనమేం మాట్లాడుకున్నా వీళ్ళకు తెలీదు. సిగ్గుపడకుండా గట్టిగా చెప్పుకుని ఆడదాం" అన్నాడు. గట్టిగా మాట్లాడటం మా వైపు వాళ్ళకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. "ఒరేయ్, ఎడం పక్క ఎవడూ లేడు, అటు కొట్టు", "గోలీ ముందుకొచ్చాడు, వెనక్కియ్యి" అని గ్రౌండంతా హోరెత్తించాం. అంతటితో ఆగకుండా వాళ్ళ ఆటగాళ్ళ మీద మా అభిప్రాయాలు కూడా చెప్పుకున్నాం. వాళ్ళ టీములో తాటిచెట్టంత పొడుగు కుర్రాడొకడు ఉన్నాడు. "ఆ పొడుగాడికి వంగడం చేతగాదురా, వాడి కాళ్ళ సందున పోనీ" అని రైట్‌రైట్ ఆటంతా అరుస్తూనే ఉన్నాడు. చిత్రమేమిటంటే, మేం ఎడమకు కొడదామనుకున్నప్పుడల్లా వాళ్ళు ముందే ఎడమన ఉన్నారు. కాళ్ళ సందున పంపిన బంతినల్లా ఆ పొడుగువాడు నడుం వంచి, చూసి మరీ ఆపాడు. మళ్ళీ ఓడిపోయాం. ఆట అయ్యాక ఆ కుర్రాడు నీళ్ళ చెంబు తెచ్చి రైట్‌రైట్‌కి అందించాడు. "తాగన్నా. వంగేదానికి నాకు బాగానే వస్తాది" అన్నాడు, ఎంతో మర్యాదగా. "మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడేది. మా టీమంతా అంతే. మీ తెలుగు వేగం జాస్తి, అయినా అర్థమైపోతాది" అని నవ్వాడతను. ఆ ప్రాంతంలో తరాలనుంచి తెలుగువాళ్ళు ఉన్నారన్న సంగతి మా సోషలు పుస్తకంలో ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా ఆ పాఠం మేం చదివి ఉండం.

మిగిలింది ఒక్క ఆట. ఇన్నాళ్ళూ నోరు మెదపని డ్రిల్లు మేస్టారు ఆ సాయంత్రం మా మధ్యకు వచ్చి కూర్చుని, "గెలవకపోయినా పరవాలేదు. నేను హెడ్మాస్టరు గారి ముందు నిలబడి చెప్పడానికి ఏదన్నా ఒకటి ఉండాలి గదా" అన్నారు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండటం మేం ఎప్పుడూ వినలేదు. అప్పుడు రైట్‌రైట్ అన్నాడు, "సార్, ఈ ఊళ్ళోవాళ్ళకు తెలుగు వచ్చు గానీ మన బస్సు రూట్లు రావు గదండీ." వాడి ఆలోచన ఏమిటంటే, ఎడమ అనడానికి వినుకొండ అనాలి. కుడి అంటే కనిగిరి. వెనక్కి అంటే పేట. "మరి గోలు?" అని అడిగాడు జిన్నుగాడు. "గుంటూరు. ఎటు తిరిగినా మన బస్సులన్నీ చివరికి చేరేది గుంటూరే గదరా" అన్నాడు వాడు. (వినుకొండ ఎడమైతే కనిగిరి కుడి ఎట్లా అవుతుందని మా సోషలు మేస్టారుంటే అడిగేవారు. రైట్‌రైట్ మ్యాపులో దిక్కులు బస్సు మొహాన్నిబట్టి ఉండేవి.) డ్రిల్లు మేస్టారు "చూద్దాం" అన్నారు.

మర్నాటి ఆట ఇంకో గ్రౌండులో జరిగింది. దాని పక్కనే రోడ్డు, రోడ్డుకు అటువైపు స్పిన్నింగు మిల్లు. మొదట్లో మేమే తడబడ్డాం. "కనిగిరి, కనిగిరి" అని అరిస్తే మా హాఫ్‌బ్యాకు ఆగి, తినే చెయ్యి ఏదో చూసుకుని, అప్పుడు తిరిగేవాడు. మెల్లగా కుదిరింది. అవతలి వాళ్ళు మొహమొహాలు చూసుకోవడం మొదలుపెట్టారు. రెండు గోళ్ళు మాకు పడ్డ మాట నిజమే గానీ, ఆ రెండింటికీ వాళ్ళు కష్టపడవలసి వచ్చింది. సగం ఆట అయ్యాక మిల్లు ముందు పత్తి బేళ్ళ లారీలు వచ్చి వరసగా ఆగాయి. దించడానికి వంతు కోసం కాచుకున్న డ్రైవర్లకు, క్లీనర్లకు గ్రౌండులోంచి "వినుకొండ, వినుకొండ" అన్న కేకలు వినపడ్డాయి. అంత దూరాన తమ వైపు ఊరి పేరు అట్లా వినపడితే ఎవరు మాత్రం లారీలో కూర్చుంటారు? గోడ దూకి వచ్చేశారు. అవి మా పేట లారీలే.

వాళ్ళలో తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయనొకడు గీత దగ్గరకు వచ్చి, త్రో వెయ్యబోతున్న రైట్‌రైట్‌ని "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాడు. పెద్దవాళ్ళు అడిగితే చెప్పాలి గనక వాడు బంతి నెత్తిమీద పట్టుకుని ఊరు చెప్పాడు, వచ్చిన పని చెప్పాడు, ఆ ఊపులో వినుకొండ అంటే ఏమిటో గుంటూరంటే ఏమిటో కూడా చెప్పాడు. రిఫరీ ఈల ఊదేదాకా చెబుతూనే ఉన్నాడు. ఇక ఆ పెద్దాయన ఊరుకోలేదు. "కనిగిరి వద్దురా, వినుకొండ ఖాళీగా ఉంది, వినుకొండ పంపు" అని ఆయనే మమ్మల్ని ఆడించడం మొదలుపెట్టాడు. క్లీనర్లు అందుకున్నారు. దాంతో మా రహస్యం కాస్తా ఊరందరిదీ అయింది.

వినుకొండ అంటే నేనే. బంతి నాకు వచ్చింది, పోగొట్టుకున్నాను, తిరిగి జిన్నుగాడి దగ్గరకు చేరింది. నేను గోలు దగ్గర్లో ఎటు పోవాలో తెలియక నిలబడి ఉండగా వెనక నుంచి ఒక గొంతు, "నువ్వు అయ్యగారబ్బాయివి గదూ? నాన్నగారు బాగున్నారా?" అని అడిగింది. తిరిగి చూస్తే మా చర్చిలో డప్పు వాయించే ఆయన తమ్ముడు, లారీ క్లీనరు. మా ఇంట్లో పెంపకం ఎట్లాంటిదంటే, నాన్నగారిని అడిగినవాళ్ళకు నిలబడి, చేతులు జోడించి జవాబు చెప్పాలి. నేను ఆటకు వీపు తిప్పి, రెండు చేతులూ జోడించి, "వందనాలండీ, బాగున్నారండీ" అన్నాను. సరిగ్గా అప్పుడే "గుంటూరు" అని కేక పెట్టి జిన్నుగాడు కొట్టిన బంతి, గోలుకు అటెటో పోవలసింది, వచ్చి నా వీపుకు తగిలి దిశ మార్చుకుని లోపలికి పోయింది. ఆఫ్‌సైడని ఎవరైనా అన్నారేమో తెలియదు. లారీలవాళ్ళు లోపలికి వచ్చి నన్ను భుజాల మీదికి ఎత్తేశారు. రోడ్డు మీద ఎవరో హారన్ మోగించడం మొదలుపెట్టి ఆపలేదు. నాకేమో నాన్నగారు బాగున్నారన్న మాటకు ఇంత సంతోషమా అనిపించింది.

తరవాత ఇంకో గోలు వేసుకుని వాళ్ళు గెలిచారు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రం లారీల పక్కన రాళ్ళ పొయ్యి మీద వండిన అన్నం, ఎండుమిరపకాయల పచ్చడి పెట్టారు మాకు. చెమటలు కారుతుంటే తిన్నాం. డ్రిల్లు మేస్టారు కూడా నేలమీద మా వరసలోనే కూర్చుని, అడిగి మరీ మారు వడ్డించుకున్నారు.

తిరిగి వచ్చాక హెడ్మాస్టరు గారు అందరి ముందూ "ఏమైంది?" అని అడిగారు. "మూడూ ఓడిపోయామండి. ఒక గోలు వేశాం" అన్నారు డ్రిల్లు మేస్టారు. "ఎవరు?" అంటే నన్ను చూపించారు. హెడ్మాస్టరు గారు నాకు లెక్కలు చెప్పేవారు. నన్ను ఎగాదిగా చూసి, "వీడా? ఎట్లా వేశాడు?" అన్నారు. డ్రిల్లు మేస్టారు కనురెప్ప కూడా వెయ్యకుండా, "నిలబడవలసిన చోట నిలబడ్డాడండి" అన్నారు. ఒక గోలుకు ఎంత గ్రౌండు అని హెడ్మాస్టరు గారు ఏ సూత్రం మీద లెక్క కట్టారో గానీ, చివరికి సగం మాకు, సగం మిరపకాయలకు అని తీర్పు ఇచ్చారు. ఒకే జత గోలు స్తంభాలతో అటుపైన కొన్నేళ్ళు ఆట సాగింది. ఓడిపోయి వచ్చి అంతమాత్రం సంపాదించిన టీము మా జిల్లాలో ఇంకొకటి ఉండదు.

ఇప్పుడు నేను మేడ మెట్లెక్కితే మధ్యలో ఒకసారి ఆగుతాను. ఎప్పుడన్నా పెళ్ళిళ్ళలో కలిస్తే జిన్నుగాడు వాళ్ళ మనవళ్ళను పోగేసి ఆ గోలు కథ చెబుతాడు. అందులో నేను గాల్లోకి లేస్తాను, బంతిని తలతో అందుకుంటాను, గోలీ నేల కరుస్తాడు. పిల్లలు నా బొజ్జవైపు ఒకసారి, వాడివైపు ఒకసారి చూస్తారు. జిన్నుగాడు కూడా ఒక్క క్షణం నా వంక చూసి, నేనేమీ అనకపోతే ముందుకు సాగుతాడు. నేనేమంటాను? కుర్చీ దగ్గరికి లాక్కుని పిల్లలతోపాటు శ్రద్ధగా వింటాను. ఎంతైనా, ఆ రోజు ఆ గ్రౌండులో ఆ గోలు పడటం చూడనివాణ్ణి నేనొక్కణ్ణే గదా.