గోడ అవతలి గురక

గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి చెన్నై వచ్చినవాణ్ణి. ఆఫీసు దగ్గర ఇళ్ల అద్దెలు విని హడలిపోయి, పెళ్లవగానే ఇల్లరికం ఒక ఆదర్శమని ప్రకటించి పెరంబూరులో అత్తవారింట చేరాను. మేడ మీద గది ఇచ్చారు. మేడ వాళ్లది, మెడ నాది. మేడ గట్టిదే. మెడే పట్టేసింది.

ఎవరైనా పిలిస్తే తల తిప్పడం కుదరక మనిషినంతా తిప్పాల్సి వచ్చేది. డాక్టరు నా దిండును అనుమానించాడు. వెల్లకిలా పడుకునేవాళ్లకు పల్చటిది కావాలట, పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు చెవికీ భుజానికీ మధ్య సందు నిండేంత ఎత్తయినది కావాలట. నేను వెల్లకిలా మొదలుపెట్టి, పక్కకు ఒరిగి, బోర్లా తెల్లవారే రకం. నాలాంటి నిలకడ లేనివాడికి ఏది సరిపోతుందో ఆయనా చెప్పలేకపోయాడు.

ఎత్తుది కొంటే తలవంపులు తెచ్చింది. పల్చటిది కొంటే అది ఉందో లేదో తడిమి చూసుకోవాల్సి వచ్చేది. చివరికి మెమరీ ఫోమ్ కొన్నాను. మన తల ఆకారాన్ని గుర్తుంచుకుంటుందన్నాడు షాపువాడు. నా తలలో నాకే ఏదీ గుర్తుండదు, దానికేం గుర్తుంటుంది? తిరిగి ఇచ్చేశాను.

ఒక ఆదివారం అటక మీద పాత దుప్పట్ల అడుగున ఒక బూరుగుదూది తలగడ దొరికింది. ఎండలో వేసి, కొత్త గలీబు తొడిగాను. నడుమ కొంచెం ఎడమగా చిన్న గుంట ఉంది. తల పెట్టగానే అందులోకి జారి సర్దుకుంది, ఎవరో చేత్తో పట్టుకుని సరిచేసినట్టు. వారం తిరక్కుండా మెడ తిరిగింది.

మా ఆవిడ మాత్రం సంతోషించలేదు.

“నాయన మాదిరే గుర్రు పెడతా ఉండావు నువ్వు. కడసిలో ఆ విజిల్ కూడా.”

మామగారు రైలుపెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. అంతకు ముందు ఏడాదే, పక్క గదిలో, నిద్రలోనే పోయారు. ఆయన గురక చివర సన్నగా ఈల వేసేది. బండి కదిలిందని మేం నవ్వుకునేవాళ్లం. నేను పుట్టి బుద్ధెరిగాక గురక పెట్టినవాణ్ణి కాను. ఆవిడ ఫోనులో రికార్డు చేసి వినిపించింది. గొంతు నాదో కాదో చెప్పలేను. ఈల మాత్రం నాది కాదు.

మర్నాడు పొద్దున అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు. ఆయన పోయిన దగ్గర్నుంచీ ఆవిడకు నిద్ర లేదు. మాత్రలు వేసుకున్నా రెప్ప వాలదు, మనిషి సగమైపోయింది. ఆ పూట చూస్తే కళ్లు తేటగా ఉన్నాయి.

“మాప్పిళ్ళా, మీరు ఏ తలగాణి పెట్టుకోని పండుకుంటా ఉండారు?”

నా జవాబు కోసం ఆగలేదు. మంచం దగ్గరికొచ్చి గలీబు ఊడదీశారు. మూలన నీలం దారంతో వేసిన కుట్టు మీద ఆవిడ వేలు ఆగిపోయింది.

“ఇది ఆయనది. దీన్ని పారెయ్యమని మీకే కదా చెప్తిని?”

చెప్పారు, నిజమే. పోయినవాళ్లు తల పెట్టిన తలగడ ఇంట్లో ఉంచరు, ఉంటే ఆ మనిషి ఇల్లు వదిలి కదలడని వాళ్ల నమ్మకం. ఆ రోజు ఏడుపు మధ్య నుంచి ఆవిడ “తలగాణి ఎత్తి పారెయ్యండి మాప్పిళ్ళా” అన్నారు. ఈ ఇంట్లో అల్లుణ్ణి మాప్పిళ్ళ అన్నట్టే తలగడను కూడా అరవంలో లాగా తలగాణి అంటారని అప్పటికి నాకు తెలియదు. నా గోదావరి చెవికి అది ‘తల కానిది’ అని వినబడింది. తలకు కానిదంటే కాళ్ల కింద పెట్టుకునే పొడుగు దిండే కదా అని భక్తిగా దాన్ని తీసుకెళ్లి కార్పొరేషన్ బండిలో వేసి వచ్చాను. అసలుది ఎవరి చేతనో అటకెక్కింది.

ఇదంతా చెప్పాను. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. అత్తగారు నవ్వలేదు.

“ఇప్పుడే పారేసి వస్తాను అత్తయ్యగారూ” అని తలగడ ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస ఆవిడ చేతిలో ఉంది. వదల్లేదు.

“పారేస్తే ఆయన పోతాడు కదా?” అన్నారు నెమ్మదిగా.

నా చేతిలోని కొస వదిలేశాను.

“ఈ వారంగా నేను నిద్రపోతా ఉండా మాప్పిళ్ళా. గోడకి అవతల ఆ గుర్రు వినిపిస్తా ఉంటే పట్టేస్తా ఉండాది.” తలగడ నా వైపు నెట్టారు. “మీకు భయమైతే వద్దు.”

భయమే. కానీ పులిలా నిలబడి లేదన్నాను.

“అట్లయితే తలాపు ఈ గోడ పక్కకి తిప్పుకోండి. ఆడ పెడితే నాకు సరిగ్గా వినపడదు.”

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనూ మా ఆవిడా మంచం తిప్పాం. గోడ అవతల ఆవిడ మంచం కూడా కిర్రుమంటూ దగ్గరికి జరిగింది. రాత్రి పడుకున్నాను. గుంట నా కోసం కాచుకుని ఉంది. ఇంకాస్త జారితే ఎవరి నిద్రలోకి పోతానో అని కళ్లు మూసుకోవడానికే జంకాను. అవతల ఆవిడ మేలుకుని వింటోందని తెలుస్తూనే ఉంది. పాపం అనిపించి, చేతనైనంతలో గురక నటించాను. చివర ఈల కోసం పెదాలు సున్నా చుట్టాను. గాలే వచ్చింది.

గోడ అవతల నుంచి చిన్నగా వినిపించింది.

“దొంగ నిద్ర వద్దు మాప్పిళ్ళా. తొందరేమీ లేదు. ఆయనకీ ఆలస్యంగానే పట్టేది.”