మెల్లగా నడిచేవాళ్ళు ముందు

మా ఊరి భజన గురువుగారు పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున కన్నుమూశారు. ఆ కబురు మా ఇంటికి తెచ్చింది మా పాస్టరుగారు. మాది చర్చికి పోయే కుటుంబం. అయినా ఆ పూట మా అమ్మ పొయ్యి వెలిగించలేదు.

బూర్గంపాడు దగ్గర మా ఊరు. గోదారి ఎదురుగా కనిపిస్తుంది కానీ, వరద నీళ్ళు వెనక వాగులోంచి ఎగదన్ని వస్తాయి. ఏటి వైపు చూస్తూ కూర్చున్నవాళ్ళకు వెనక దారి మునిగేదాకా తెలియదు. వరదలు ఇదివరకటిలా వేళకు రావడం మానేశాక, గురువుగారు ఆషాఢం మొదటి ఆదివారం జరిగే భజన ఊరేగింపు దారి మార్చేశారు. రామాలయం చుట్టూ మూడు వీధులు తిరిగేదాన్ని ముళ్ళకంపల దారిన గుట్ట మీది బడిదాకా నడిపించారు.

పెద్దలు విసుక్కున్నారు. "దేవుణ్ని కంపల్లకెందుకు గుంజుకపోతున్నవ్?" అని అడిగితే, "దేవునికి తొవ్వ తెల్వదని కాదు, మనకు తెల్వదు" అన్నారట.

అంతటితో ఊరుకోలేదు. ఒకరోజు చర్చికొచ్చి, చెప్పులు బయట విడిచి, పాస్టరుగారితో అన్నారు: "మీ పాటలు మీరు పాడుర్రి, మా పాటలు మేం పాడుతం. తొవ్వ ఒక్కటే గద!" ఆ ఏడాది నుంచి మా పాటల బృందమూ నడిచింది. నిజం చెప్పాలంటే మొదట్లో నాకు నామోషీగా ఉండేది. ఆయన డోలక్ దెబ్బకు నా గొంతు ఎవరికీ వినపడదు, అదో కోపం.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటే. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, బాలింతలు, ముసలివాళ్ళు ముందు. కుర్రాళ్ళు, డోలక్‌లు వెనక. ముందువాళ్ళు ఆగితే అదే చరణం మళ్ళీ పాడాలి. మోకాళ్ళ నొప్పులతో మా అమ్మది ఎప్పుడూ మొదటి వరసే. "అక్కా, నువ్వెంత మెల్లగ నడిస్తే మా పాట అంత పొడుగైతది" అని గురువుగారు ఆటపట్టించేవారు. తాళం తప్పితే మండిపడే మనిషి, నడక ఆలస్యమైతే మాత్రం ఒక్క మాట అనేవారు కాదు.

ఒక ఏడాది పొద్దున చాయ్ వేళకు వాగు ఎగదన్నింది. గురువుగారు డోలక్ మెడలో వేసుకుని వీధిలోకొచ్చి, ఊరేగింపు పాటే ఎత్తుకున్నారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మా అమ్మ ముందు, మేమంతా వెనక. బడి అరుగు మీద నిలబడి ఆయన తలలు లెక్కపెట్టారు. అందరూ ఉన్నారు. మా అమ్మ ఇవాళ బతికి ఉందంటే ఆ నడక వల్లే, ఈ మాట ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

ఆయన బుధవారం పోతే, ఆ వెంటనే వచ్చిన ఆదివారమే ఈ ఏటి ఊరేగింపు. మైల ఉంది, ఈ ఏడాదికి ఆపేద్దామన్నారు పెద్దలు. ఎగువన వానలు అప్పటికే మొదలయ్యాయి. ఒక్క ఏడాది ఆపితే ఇక ఎప్పటికీ ఆగిపోతుందని నా భయం. కానీ వాళ్ళ మైల గురించి నేనెలా మాట్లాడను?

అప్పుడు గురువుగారి భార్య తన ఇంటి గడప దాటి వచ్చింది. "మైల ఉన్నదని గోదారి ఆగుతదా? నడువుర్రి" అంది.

మా అమ్మ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ముందు నడిచారు. భర్త పోయిన దగ్గర్నుంచి నాలుగు రోజులుగా సరిగా తిండి, నిద్ర లేని మనిషి. గుట్ట మొదట్లో ఊపిరి తీసుకోవడానికి ఆగింది. వెనక ఊరంతా ఆగి, అదే చరణం మళ్ళీ ఎత్తుకుంది.