రెండు గుక్కల తియ్యని నీళ్లు

కొవిడ్ తగ్గాక వచ్చిన రెండో వేసవి. అప్పటికి నేను అమలాపురంలోని ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో పదకొండేళ్లుగా కెమిస్టుగా పనిచేస్తున్నాను. చెరువు నీళ్లు, రొయ్యల మేత, పశువుల మందులు, మాకు వచ్చే శాంపిళ్లు ఎక్కువగా ఇవే. మా దగ్గరున్న ఖరీదైన యంత్రం ఒక్కటే, ఎఫ్‌టీఐఆర్. కంటికి కనపడని పరారుణ కాంతిని పదార్థం మీదికి పంపితే, అణువులోని ఒక్కో బంధం తనకు సరిపడిన కాంతిని పీల్చుకుంటుంది. ఎక్కడెంత పీల్చుకుందో తెర మీద ఎత్తుపల్లాల గీతగా వస్తుంది. ఆ గీతలోని లోయలను బట్టి అణువులో ఏయే భాగాలున్నాయో చెప్పడం నా పని.

ఒకరోజు పదకొండు గంటల వేళ, ఊళ్లో నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టరు గారు ఫోన్ చేశారు. ఆయన ఎప్పుడూ నింపాదిగా మాట్లాడతారు. ఆరోజు గొంతులో తొందర వినిపించింది.

"మేడమ్ గారూ, అల్లవరం వైపు నుంచి సత్యవతి గారని ఒకావిడ వచ్చేరు. చెరువు షెడ్డులో సీసాలో ఉన్నది మంచినీళ్లనుకుని రెండు గుక్కలు తాగేసేరంట. సీసా మీద పేరేమీ లేదు. అదేంటో చెప్పగలరాండి?"

"మీ అనుమానం ఏంటండి?"

"తియ్యగా ఉందంటున్నారు. కొంచెం మత్తుగా ఉన్నారు. జనరేటర్ వేడెక్కకుండా పోసే కూలెంట్ ఏమోనని నా భయం. అదే అయితే ఇప్పుడు బాగానే కనపడతారు, రేపో ఎల్లుండో కిడ్నీలు పోతాయి. కాకినాడ పంపించి డయాలసిస్ చేయించాలి. అంబులెన్సు రావడానికి గంట పడుతుందంట. ఈలోగా మీరు తేల్చితే అక్కడివాళ్లకీ దారి తెలుస్తుంది."

పావుగంటలో సత్యవతి భర్త వీర్రాజు గారు సీసా తీసుకుని వచ్చారు. చెరువు కాపలా ఆయన పని. పిక్కల దాకా బురద ఎండిపోయి ఉంది. సీసాని రెండు చేతులతో పట్టుకున్నారు.

ఒక్క చుక్క యంత్రం మీద వేశాను. నిమిషంలో గీత వచ్చింది. ఎడమ పక్కన వెడల్పాటి లోయ, అంటే ఓహెచ్ గుంపు, ఆక్సిజన్‌కు అంటుకున్న హైడ్రోజన్. మధ్య దాటాక కార్బన్, ఆక్సిజన్ బంధాల లోయలు. గ్లైకాల్ జాతిదే. కానీ ఆ జాతిలో అక్కాచెల్లెళ్ల లాంటివి రెండున్నాయి. ఒకటి కూలెంట్‌లో వాడే ఇథిలీన్ గ్లైకాల్, అది విషం. రెండోది ప్రొపిలీన్ గ్లైకాల్. మేతలో కలిపే విటమిన్లను దీనిలో కరిగిస్తారు, ఆ కాస్త తాగితే శరీరం అరిగించుకోగలదు. రెండూ రంగులేని, చిక్కటి, తియ్యటి ద్రవాలే. తేడా ఒక్క మిథైల్ గుంపు, ఒక కార్బన్‌కు అంటుకున్న మూడు హైడ్రోజన్లు. అది ఉంటే, గీత కింద ఉండే అంకెల్లో 2970 దగ్గర ఒక లోయ కనపడాలి.

కనపడింది. యంత్రంలోని పాత గీతలతో పోల్చి చూస్తే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే పేరే మొదట వచ్చింది. నా గుండె కుదుటపడింది. ఫోన్ అందుకున్నాను.

"మంచిదేనాండి?" అన్నారు వీర్రాజు గారు.

"ఆయ్, విటమిన్ మందులో వాడేదే అనిపిస్తోందండి. కూలెంట్ కాదు."

ఆయన మొహం తేటపడలేదు. "మరి రెండూ కలిసుంటే తెలుస్తుందాండి? డబ్బాల్లో అడుగున మిగిలింది ఆ సీసాలోనే ఒంపేత్తుంటాం."

"కూలెంటుకి రంగుంటుంది కదండి?"

"మాది రంగు లేనిదండి. లూజుగా తెచ్చేరు."

ఫోన్ కింద పెట్టేశాను. ఎక్కువగా ఉన్నదాని గీత కింద తక్కువగా ఉన్నది దాక్కోగలదు. ఆ సంగతి కాలేజీలో చదివాను, కొత్తగా చేరినవాళ్లకి నేర్పాను కూడా. ఆ నిమిషంలో మర్చిపోయాను.

పశువుల మందుల పరీక్ష కోసం రెండు గ్లైకాళ్ల స్వచ్ఛమైన నమూనాలూ మా బీరువాలో ఉండేవి. పంతొమ్మిది పాళ్లు ప్రొపిలీన్‌లో ఒక పాలు ఇథిలీన్ కలిపి గీత తీశాను. కుడివైపు, 880, 860 ప్రాంతంలో రెండు చిన్న గుంతలు వచ్చాయి. ఇథిలీన్ కలిస్తే అవి అక్కడ కనపడతాయన్నమాట. సీసాలోని చుక్క మళ్లీ వేసి, ఈసారి ఎక్కువసేపు చదివించాను. ఆ చోట గీత చదునుగా ఉంది. నమ్మకం చాలక మూడోసారి వేశాను. అప్పుడూ చదునే.

డాక్టరు గారికి చేసి చెప్పాను. "ప్రొపిలీన్ గ్లైకాలేనండి. ఇథిలీన్ కనపడలేదు. ఇరవైలో ఒక వంతు ఉన్నా కనపడేది. అంతకన్నా తక్కువుంటే మాత్రం నేను చెప్పలేను."

"ఆ మాత్రం చాలండి. ఆ విషం కాస్తయినా ఉంటే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, అది గంటగంటకీ చూస్తాను. అంబులెన్సు గుమ్మంలోనే ఉంచుతాను."

వీర్రాజు గారు అక్కడే స్టూలు మీద కూలబడి, తుండుతో మొహం కప్పుకున్నారు. చాలాసేపటికి లేచి, "వెళ్లొస్తానండి, అది ఒక్కత్తే ఉంది," అన్నారు.

అంబులెన్సు ఖాళీగానే తిరిగి వెళ్లింది. రెండు రోజులు చూసి సత్యవతి గారిని ఇంటికి పంపించేశారు. నా అనుమానం పూర్తిగా తీరాలని హైదరాబాదులోని పెద్ద ల్యాబుకు పంపిన శాంపిలుకు ఎన్ఎంఆర్ రిపోర్టు తర్వాతి వారం వచ్చింది. అణువులోని ఒక్కో హైడ్రోజన్ చుట్టుపక్కల ఏముందో చెప్పే పరీక్ష అది. అందులోనూ ఇథిలీన్ జాడ లేదు. ఆ కాగితం చదివాకే నాకు సరిగ్గా నిద్రపట్టింది.

కొన్నాళ్లకు సత్యవతి గారు ల్యాబుకొచ్చారు. గీత చూపించమన్నారు. 2970 దగ్గరున్న లోయ మీద వేలు పెట్టి చూపించాను. "ఇంతేనాండి తేడా?" అని చాలాసేపు దానికేసి చూస్తూ నిలబడ్డారు.

ఇది ఏమిటి అనే ప్రశ్న వేరు, మనం భయపడుతున్నది ఇందులో ఉందా అనే ప్రశ్న వేరు. ఆరోజు నేను మొదటిదానికి జవాబు చెప్పి, రెండోదానికీ చెప్పేశాననుకున్నాను. ఇప్పుడు నా ప్రతి రిపోర్టు చివరా ఒక వాక్యం అదనంగా ఉంటుంది: దేనికోసం వెతికాను, ఎంత తక్కువుంటే నాకు కనపడదు. యంత్రం గురించి అంతవరకూ వినని మనిషి, భార్య కోసం భయపడుతూ అడిగిన ప్రశ్నకి అది నా జవాబు.