కుండ మీద అరచెయ్యి

మిషన్ కాలేజీలో మాకు పరుగు నేర్పిన మాస్టరుకు ఒక నియమం ఉండేది. మెట్టచేల మీదుగా పరుగెత్తి వచ్చాక, చివరివాడు చేరేదాకా నీళ్ళకుండ మూత తీసేవారు కాదు. ప్రార్థనలో ఉన్నట్టు మూత మీద అరచెయ్యి పెట్టి నిలబడేవారు.

"పరుగెత్తినోడు వెంటనే గొంతు తడుపుకోవల్లని లైబ్రరీ పుస్తకంలో ఉండాది సార్" అన్నాను ఒకసారి గొప్పగా.

"ఆ పుస్తకం రాసినాయన ఎనకపడినోన్ని చూసినాడా అప్పా?" అన్నారు.

ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన కరువు ఏడాది అది. పోటీల కోసం ఆయన ఆశలన్నీ పెట్టుకున్న ఆలూరు పిల్లవాడు ఒక సాయంత్రం పరుగుకు వెళ్ళి తిరిగి రాలేదు. రోజూ అందరికన్నా ముందు వచ్చేవాడు వాడే. నాలుకలు పిడచకట్టి మేం నిలబడ్డాం. ఆయన చెయ్యి తీయలేదు. పొద్దు గుంకాక సైకిలు మీద ఒకాయన వచ్చి ఆగాడు.

"మీవాడు బేతంచెర్ల లారీ ఎక్కినాడు సార్. వాళ్ళమ్మా నాయనా అందులోనే ఉండారు. రాళ్ళ పనికి పోతాండారు."

ఆయన మూత తీసి "తాగండప్పా" అన్నారు. తాను తాగలేదు.

మర్నాటి నుంచి కుండకు మూత లేదు. ముందొచ్చినవాడు ముందు తాగేవాడు. వెనక ఎవరు మిగిలారో ఆయన మళ్ళీ ఎన్నడూ చూడలేదు.