కొండమ్మ దరఖాస్తు

కళ్ళజోళ్ళ కొట్టాయన భార్యను వాళ్ళుండే నాలుగంతస్తుల భవనంలో అందరూ కొండమ్మ అనేవారు. వీపున పెద్ద సంచీ, అందులో ఎనిమిది నీళ్ళ సీసాలు వేసుకుని రోజూ పొద్దున్నే ఇరవైసార్లు మెట్లెక్కి దిగేది. "లిఫ్టు పనిచేస్తోందమ్మా!" అని కాపలాదారు వేళాకోళం చేసేవాడు. ఆవిడ నవ్వి ఇంకోసారి ఎక్కేది.

ఆవిడ గురి ఒక్కటే. ఎక్కడో పరాయి దేశపు నేషనల్ పార్కులో, మంచుకొండల మధ్య పన్నెండు రోజుల నడక. రోజుకు కొద్దిమందినే పోనిస్తారు, అదీ లాటరీలో పేరొస్తేనే. ఏటా ఇద్దరి పేర్లతో దరఖాస్తు నింపి ఆవిడ మొగుడి చేతికిచ్చేది. కొట్లో కంప్యూటరుంది కాబట్టి పంపడం ఆయన వంతు.

ఆయనేమో పై అరలో ఫ్రేము తియ్యడానికి స్టూలెక్కితేనే కాళ్ళు వణికే మనిషి. ఆ మాట పెళ్ళానికి చెప్పుకోవడం నామోషీ. మొదటి ఏడాది దరఖాస్తు సంగతి నిజంగానే మరిచిపోయాడు. గడువు దాటాక నాలిక్కరుచుకుని, "మన పేరు రాలేదు" అనేశాడు. "పోన్లెండి, వచ్చే ఏడు చూద్దాం" అంది ఆవిడ. అబద్ధం అంత తేలిగ్గా చెల్లిపోతుందని ఆయనకు అప్పుడే తెలిసింది. రెండో ఏడు మరిచిపోలేదు, పంపలేదంతే. అలా ఎనిమిదేళ్ళు గడిపేశాడు. వట్టి పిరికితనం, దానికింకో పేరు పెట్టక్కర్లేదు.

ఎనిమిదో ఏడు ఆవిడ కాళ్ళ నరాలు చచ్చుబడడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి చక్రాల కుర్చీ వచ్చింది. అయినా దరఖాస్తు నింపింది.

"వెయ్యండి. ఇన్నేళ్ళు వేశాం, ఇప్పుడు మానేస్తే ఏం బావుంటుంది?"

ఆయన కొట్టు తలుపు దగ్గరగా వేసుకుని, ఏడుస్తూ, మొట్టమొదటిసారి దాన్ని పంపాడు. మూడు వారాలకు జవాబొచ్చింది. పేర్లు వచ్చాయి.

దాచెయ్యొచ్చు. దాచడం ఆయనకు కొత్త కాదు. కానీ ఈసారి మనసొప్పలేదు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి కాగితం ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "చూశారా! తొమ్మిదోసారికి దయ కలిగింది వాళ్ళకి. నేనెలాగూ రాలేను, మీరు వెళ్ళిరండి. ఒక్క మలుపు కూడా వదలకుండా నాకు చెప్పాలి మరి."

ఆయన కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు. "తొమ్మిదోసారి కాదు. ఇదే మొదటిసారి. ఇంతకుముందు నేనెప్పుడూ పంపలేదు. ఎత్తులంటే నాకు భయం."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బావుండేది. కాగితాన్ని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"మా అక్కయ్య ఏటా తనతో వేరే కొండలెక్కడానికి రమ్మనేదండీ" అంది చివరికి. "మిమ్మల్నొదిలి వెళ్తే చిన్నబుచ్చుకుంటారని నేనే రానన్నాను."